ఎక్కేటప్పుడు ఉక్క, ఆగితే వణుకు: ఏ జాకెట్ కొనాలి?

ప్రశ్న: నమస్కారమండీ. నా వయసు 34. మూడేళ్ళుగా చలికాలంలో కొండలెక్కుతున్నాను. పోయిన శీతాకాలం స్నేహితులతో కలిసి మంచులో ఒక పెద్ద ఎక్కుడుకి వెళ్ళాను. ఆ రోజు చలి మైనస్ 8 డిగ్రీలు. నా దగ్గరున్న మందపాటి డౌన్ జాకెట్ (బాతుల నూగు నింపినది) వేసుకుని బయలుదేరాను. అరగంటకే లోపలంతా చెమట. జిప్ తీస్తే గాలి కోసేస్తోంది, వేస్తే ఉక్కపోత. పైకి చేరి కూర్చున్న పది నిమిషాలకి పళ్ళు టకటకలాడడం మొదలైంది. వేళ్ళు కొంకర్లు పోయి సంచి బకిల్ కూడా తీయలేకపోయాను. పక్కనే నా స్నేహితురాలు నాకంటే పలచటి బట్టల్లో హాయిగా ఉంది. ‘నువ్వు చలికి ఆగలేని మనిషివి’ అని అందరూ తేల్చేశారు. ఈసారి స్కీ టూరింగ్, అంటే స్కీలతోనే కొండెక్కి స్కీలతోనే దిగడం, నేర్చుకోబోతున్నాను. ఇంకా వెచ్చటి జాకెట్ కోసం వెతుకుతుంటే 900 ఫిల్ పవర్, బరువు 250 గ్రాములే అని ఒకటి కనిపించింది. స్నేహితురాలేమో డౌన్ వద్దు, సింథటిక్ తీసుకో అంటోంది. ఈ ఏడాది ఒక్కటే కొనగలను. ఏది కొనమంటారు? పాత జాకెట్ తీసేయాలా? – ఒక పాఠకురాలు

సమాధానం: మీరు చలికి ఆగలేని మనిషి కాదండీ. ఆ రోజు మీరు తడిసిపోయారు, అంతే. మైనస్ 8లో తడి బట్టలతో గాలికి కూర్చుంటే ఎవరికైనా పళ్ళు టకటకలాడతాయి. మీ స్నేహితురాలు పలచటి బట్టల్లో ఎక్కింది కాబట్టే ఒళ్ళు పొడిగా ఉంది, ఒళ్ళు పొడిగా ఉంది కాబట్టే పైన హాయిగా కూర్చోగలిగింది. ఆ 900 ఫిల్ జాకెట్‌ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి, ఆ అంకె సంగతి తర్వాత చెబుతాను. అది వేసుకుని ఎక్కినా మళ్ళీ ఇదే జరుగుతుంది.

ఎందుకో చెబుతాను. ఇది ఒకసారి మనసుకి పట్టిందంటే కొట్లో ఏ జాకెట్ చూసినా అది మీకు పనికొస్తుందో లేదో మీరే చెప్పగలుగుతారు. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లో సుమారు 100 వాట్ల వేడి పుడుతుంది. సంచి వీపున వేసుకుని మంచులో ఏటవాలు ఎక్కుతుంటే అదే ఒంట్లో 500, 600 వాట్లు పుడుతుంది, గట్టిగా ఎక్కేవాళ్ళకైతే ఇంకా ఎక్కువ. కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో నాలుగో వంతుకి మించి పనికి అందదు, మిగతాదంతా వేడిగానే బయటికి రావాలి. మీరు కూర్చోవడానికి సరిపోయే బొంతలాంటి జాకెట్‌ని ఎక్కేటప్పుడు వేసుకున్నారు. వేడికి బయటికి పోయే దారి లేదు. దారి లేనప్పుడు ఒళ్ళు తనకు తెలిసిన ఒక్క పనే చేస్తుంది, చెమట పోస్తుంది.

ఆ చెమట ఎక్కేటప్పుడు పెద్దగా బాధించదు. ఆగినప్పుడే అసలు బాధ. మనల్ని వెచ్చగా ఉంచేది బట్ట కాదు, బట్ట పట్టి ఉంచిన గాలి. ఆ కదలని గాలి ఉండాల్సిన చోట నీళ్ళు చేరాయనుకోండి, వేడి సుమారు పాతిక రెట్లు వేగంగా బయటికి పోతుంది. పైగా ఆ నీళ్ళు ఆరాలి కదా, ఆ వేడి కూడా మీ ఒంట్లోంచే పోవాలి. 100 గ్రాముల చెమట ఆవిరి కావడానికి దగ్గర దగ్గర 240 కిలోజూళ్ళు కావాలి. అంటే కూర్చున్న మనిషి ఒంట్లో నలభై నిమిషాల పాటు పుట్టే వేడి మొత్తం. 100 గ్రాములంటే అరగ్లాసు నీళ్ళు. అరగంట ఎక్కుడులో, అంత మందపు జాకెట్‌లో, మీరు అంతకంటే చాలా ఎక్కువే చెమట పోసి ఉంటారు.

నేనూ మొదటి రెండు శీతాకాలాలు ఇలాగే నడిచాను. ఒకరోజు బసకి చేరాక జాకెట్ విప్పి దీపానికి అడ్డంగా పట్టుకుని చూశాను. భుజాల మీద, వీపున సంచి ఆనిన చోట, నూగు నింపే గదులన్నీ ఖాళీ. పైకుట్టుకీ కిందికుట్టుకీ మధ్య బట్ట ఒక్కటే ఉంది, అందులోంచి వెలుతురు కనిపిస్తోంది. లోపలున్న నూగంతా తడిసి, శనగగింజంత ఉండలుగా ప్రతి గది అడుగునా చేరింది. బయటివైపు భుజాల మీద పలచగా తెల్లటి మంచుపొర, ఉప్పు చల్లినట్టు. నా ఒంట్లోంచి వెళ్ళిన ఆవిరే జాకెట్‌లోంచి బయటికి వచ్చి అక్కడ గడ్డకట్టింది. నేను నమ్ముకున్న జాకెట్ సగం రోజుకే వట్టి బట్టగా మారిపోయిందని అప్పుడు కళ్ళారా చూశాను. మీ పాత జాకెట్‌ని కూడా ఒకసారి ఇలా వెలుతురుకి పట్టి చూడండి. దాని సంగతి చివర్లో చెబుతాను.

కాబట్టి ‘ఏ జాకెట్ వెచ్చన’ అనే ప్రశ్నని రెండు ముక్కలు చేయాలి. ఎక్కేటప్పుడు వేసుకునేది వేరు, ఆగినప్పుడు వేసుకునేది వేరు. ఒకే చలిలో, ఒకే గాలిలో, కూర్చున్న మనిషికి కావలసిన వెచ్చదనంలో ఎక్కే మనిషికి నాలుగో వంతు చాలు. ఈ రెండు పనులూ ఒక్క జాకెట్‌తో చేయించాలని చూస్తే రెండూ చెడతాయి. మీకు జరిగిందదే.

ఇప్పుడు మీ ప్రశ్నకి సూటిగా: కొనేది ఒక్కటే అయితే ఎక్కేటప్పుడు వేసుకునే పొర కొనండి. పలచగా, గాలి ఆడేట్టుగా, తడిసినా ఇట్టే ఆరేట్టుగా ఉండేది. ఆగినప్పటికి మీ పాత జాకెట్ ఉంది.

ఒంటికి ఆనుకునే మొదటి పొర గురించి ఎక్కువ చెప్పను. కాటన్ మాత్రం వద్దు, లోదుస్తులతో సహా. కాటన్ నీటిని పీల్చుకుని ఒంటికి అతుక్కుంటుంది, ఆరదు. పాలియెస్టర్ పోగు తన బరువులో ఒక్క శాతం తేమ కూడా పీల్చదు, అందుకే త్వరగా ఆరుతుంది. మెరినో ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమని దాచుకున్నా తడిగా అనిపించదు, వాసన పట్టదు, కానీ ఒకసారి నిజంగా తడిసిందంటే ఆరడానికి చాలాసేపు పడుతుంది. మీలా చెమట ఎక్కువ పట్టేవాళ్ళకి పలచటి పాలియెస్టరే మేలని నా అభిప్రాయం. రాత్రి బసలో మార్చుకోవడానికి మెరినో ఒకటి సంచిలో ఉంటే చాలు.

అసలు మాట్లాడుకోవాల్సింది రెండో పొర గురించి. ఇందులో రెండు రకాలు మీకు కనిపిస్తాయి. మొదటిది గళ్ళ ఫ్లీస్, ఉన్నిలా మెత్తగా ఉండే సింథటిక్ బట్ట. లోపలివైపు చిన్న చిన్న చదరాలుగా బుడిపెలు, వాటి మధ్య సన్నటి కాలవలు ఉంటాయి. బుడిపెలు గాలిని పట్టి ఉంచుతాయి, కాలవల్లోంచి ఆవిరి పోతుంది. చాలా గట్టిది, ఏళ్ళ తరబడి ఉంటుంది. సంచి పట్టీలు రాసుకున్నా, కొమ్మలు గీరుకున్నా ఏమీ కాదు. రెండోది ఈమధ్య బాగా వాడుకలోకి వచ్చింది, గాలి ఆడే ఇన్సులేషన్. పోలార్‌టెక్ ఆల్ఫా అనే పేరు మీరు వినే ఉంటారు. అది అమెరికా సైన్యంలోని ప్రత్యేక దళాల కోసం తయారైంది. వాళ్ళ ఇబ్బందీ మీ ఇబ్బందే. పరుగెత్తాలి, ఉన్నట్టుండి ఆగి కదలకుండా ఉండాలి, మళ్ళీ పరుగెత్తాలి. మధ్యలో బట్టలు విప్పి మళ్ళీ వేసుకునే వీలు లేదు.

ఇందులోని కిటుకు చెబుతాను, ఎందుకంటే కొట్లో ఇదే మీకు దారి చూపిస్తుంది. మామూలు సింథటిక్ జాకెట్‌లో దూదిలాంటి పరుపు ఉంటుంది. ఆ పోగులు బట్టలోంచి బయటికి పొడుచుకు రాకుండా పైనా కిందా బిగువుగా నేసిన బట్ట వాడతారు. ఆ బిగువే గాలినీ ఆపుతుంది, మీ ఆవిరినీ ఆపుతుంది. ఆల్ఫాలాంటి రకాల్లో పోగులు జాలీలాంటి అల్లికకే పట్టుకుని ఉంటాయి, విడిగా తిరగవు. అందుకని పైన బిగువు బట్ట అక్కర్లేదు. అసలు పై బట్టా అస్తరూ రెండూ లేకుండా ఆ అల్లికనే చొక్కాలా కుట్టేస్తున్నారు. చేతిలోకి తీసుకుంటే ఏమీ పట్టుకున్నట్టుండదు. వెలుతురుకి పెడితే అవతల మీ వేళ్ళు కనిపిస్తాయి. చదరపు మీటరుకి 90 గ్రాముల బట్టతో కుట్టిన హుడ్ చొక్కా మొత్తం 200 గ్రాముల అటూ ఇటూ తూగుతుంది. దీనితో వెచ్చగా ఎలా ఉంటుందని మొదటిసారి ఎవరికైనా అనుమానం వస్తుంది. గాలిలో నిలబడితే నిజంగానే ఉండదు, ఒళ్ళంతా జల్లెడ పట్టినట్టు గాలి దూరిపోతుంది. దాని మీద పలచటి గాలిచొక్కా, అంటే గాలిని ఆపే పైచొక్కా, ఒకటి వేయగానే లోపలి గాలి కదలడం మానేస్తుంది, వెచ్చదనం అక్కడికక్కడే తెలుస్తుంది. గాలిచొక్కా జిప్ పైకీ కిందికీ లాగుతూ మీ వేడిని మీరే సర్దుకోవచ్చు, దేన్నీ విప్పక్కర్లేదు.

ఇక్కడ చాలామంది పొరపడతారు. ‘సింథటిక్’ అని రాసి ఉంటే చాలు, ఎక్కేటప్పుడు వేసుకోవచ్చనుకుంటారు. మీ స్నేహితురాలి సలహాలో సగం నిజం ఉంది కానీ ఏ సింథటిక్ అన్నదే అసలు విషయం. బిగువు బట్టలో కుట్టిన సింథటిక్ జాకెట్‌తో ఎక్కినా మీరు డౌన్‌లో తడిసినట్టే తడుస్తారు. తేడా తెలుసుకోవడానికి లేబుల్ చదవక్కర్లేదు. బట్టని పెదాలకి ఆనించి గట్టిగా ఊదండి, అవతల అరచేయి పెట్టండి. ఊపిరి అరచేతికి వెచ్చగా తగిలితే అది ఎక్కేటప్పటి బట్ట. బుగ్గలు ఉబ్బి ఊపిరి వెనక్కి తన్నితే అది ఆగినప్పటి బట్ట. కొన్ని కంపెనీలు గాలి ఎంత ఆడుతుందో సీఎఫ్‌ఎం అనే అంకెలో ఇస్తాయి. ఐదు లోపల ఉంటే గాలి దాదాపు ఆడదు, ఇరవై నుంచి అరవై దాకా ఉంటే బాగా ఆడుతుంది.

రెండింట్లో మీకేది? పొదలూ రాళ్ళూ ఉన్న దారుల్లో ఎక్కువ నడుస్తానంటే గళ్ళ ఫ్లీస్. మంచు మీదే ఎక్కువ, బరువు తగ్గాలి అంటే ఆల్ఫా రకం. ఆ అల్లికకి కొమ్మ తగిలితే పోగులు లేస్తాయి, వెల్క్రో తగిలితే అతుక్కుని చీరుకుపోతుంది. స్కీ టూరింగ్ కోసం కాబట్టి మీకు నేను ఆల్ఫా రకమే చెబుతాను, హుడ్ ఉన్నది, ఛాతీ సగం దాకా జిప్ ఉన్నది. జేబులు ఎన్ని తక్కువుంటే అంత మంచిది, జేబు ఉన్నచోట బట్ట రెండు పొరలై అక్కడే చెమట నిలుస్తుంది.

గాలిచొక్కా మీ దగ్గర లేకపోతే మీ దగ్గరున్న ఏ పలచటి విండ్‌చీటరైనా సరే, దానితోనే మొదలుపెట్టండి. గాలిని తేలిగ్గా తీసుకోకండి. మైనస్ 10 డిగ్రీల్లో గంటకి 30 కిలోమీటర్ల గాలి వీస్తే ముఖానికి మైనస్ 20లా తగులుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ, ప్రతి 1,000 మీటర్లకీ సగటున ఆరున్నర డిగ్రీలు ఎలాగూ తగ్గుతాయి. కింద చెట్ల మధ్య హాయిగా ఉన్న మనిషి అదే బట్టల్లో పైన శిఖరపు అంచుకి చేరేసరికి పూర్తిగా వేరే వాతావరణంలో ఉంటాడు. వంద, నూట యాభై గ్రాముల గాలిచొక్కా ఆ తేడాలో పెద్ద భాగాన్ని ఆపేస్తుంది. నా సంచిలోంచి రోజుకి ఎక్కువసార్లు బయటికి వచ్చే బట్ట అదే. వానకోటు, అంటే షెల్ జాకెట్, నిజంగా మంచు కురుస్తున్నప్పుడూ కిందికి స్కీ చేసేటప్పుడూ వేసుకోవాలి. ఎక్కేటప్పుడు పొద్దుటినుంచీ దాన్ని తగిలించుకుని తిరిగితే అది ఎంత ఖరీదైనదైనా లోపల ఉక్కపోత తప్పదు.

ఇక మీ కన్ను పడిన 900 ఫిల్ జాకెట్ గురించి. ఈ అంకె చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది కాబట్టి కాస్త విప్పి చెబుతాను. డౌన్ అంటే బాతుల రొమ్ము దగ్గర, పైఈకల కింద ఉండే నూగు. ఫిల్ పవర్ అంటే ఒక ఔన్సు, అంటే సుమారు 28 గ్రాముల నూగు ఎన్ని ఘనపు అంగుళాల చోటుని నింపుతుందో చెప్పే అంకె. అది నూగు ఎంత మేలురకమో చెబుతుంది, జాకెట్‌లో ఎంత నూగు ఉందో చెప్పదు. మీరు చూసిన జాకెట్ మొత్తం 250 గ్రాములు. అందులో బట్ట, జిప్, కుట్లు, పట్టీలు పోను నూగు 80 గ్రాములు ఉంటుందనుకుందాం. పక్కనే 700 ఫిల్ జాకెట్, మూటలా కనిపించేది, అందులో 150 గ్రాముల నూగు ఉందనుకుందాం. లెక్క వేయండి. 80 గ్రాముల 900 ఫిల్ సుమారు 2,500 ఘనపు అంగుళాలు నింపుతుంది, 150 గ్రాముల 700 ఫిల్ సుమారు 3,700. చిన్న అంకె ఉన్న జాకెట్టే దాదాపు సగం ఎక్కువ గాలిని పట్టి ఉంచుతోంది, అంటే అదే వెచ్చన. కాబట్టి డౌన్ జాకెట్ ఎప్పుడు కొన్నా ఫిల్ పవర్‌తో పాటు లోపలి నూగు బరువెంత అని అడగండి. ఆ అంకె చెప్పని జాకెట్ జోలికి నేను పోను.

కుట్టు కూడా చూడాలి. పైబట్టనీ అస్తరునీ కలిపి కుట్టేస్తే తేలిక, కానీ కుట్టు పడిన ప్రతి గీత దగ్గరా నూగు ఉండదు, అక్కడ చలి గీతలు గీతలుగా తెలుస్తుంది. గట్టి చలికి చేసిన జాకెట్లలో పైబట్టకీ అస్తరుకీ మధ్య చిన్న గోడల్లాంటి పట్టీలు కుట్టి గదులు చేస్తారు, కుట్టు దగ్గర కూడా మందం ఉంటుంది. బరువు పెరుగుతుంది, రేటూ పెరుగుతుంది. పగటి ఎక్కుళ్ళకి అంత అవసరం లేదు.

నూగుని పలచటి, గాలి చొరని బట్టలో కుట్టుకుని ఎత్తులకి వెళ్ళాలన్న ఆలోచన పాతదే. 1922లో ఎవరెస్ట్ యాత్రలో జార్జ్ ఫించ్ బెలూన్ బట్టలో ఈడర్ బాతుల నూగు నింపి కుట్టించిన కోటు వేసుకెళ్ళాడు. మిగతావాళ్ళంతా ఉన్ని బట్టలు, ట్వీడ్ కోట్లలో ఉన్నారు. మొదట ఆ కోటుని చూసి నవ్వినవాళ్ళే చలి ముదిరాక దాని కోసం ఈర్ష్యపడ్డారు. వందేళ్ళు గడిచినా బరువుకి తగ్గ వెచ్చదనంలో మంచి నూగుని దాటింది ఇంకా రాలేదు. దానికి ఒకటే బలహీనత, తడి. పైన నీటిని తోసే పూత వేసిన నూగు వస్తోంది, అది తడవడాన్ని కాసేపు ఆలస్యం చేస్తుంది, ఆపలేదు. నూగుకి బదులుగా తడిలోనూ పనికొచ్చేది కావాలని అమెరికా సైన్యం అడిగినందుకే 1980ల్లో ప్రైమాలాఫ్ట్ అనే సింథటిక్ పుట్టింది. సింథటిక్ తడిసినా పూర్తిగా చచ్చుబడదు, ఒంటి వేడికే ఆరిపోతుంది. అదే వెచ్చదనానికి బరువెక్కువ, మూటలో పదే పదే కుక్కితే కొన్నేళ్ళకి చదునైపోతుంది, అది మళ్ళీ లేవదు.

రెండింటి మధ్యా ఎంపికకి నేను చూసేది థర్మామీటర్‌ని. సున్నాకి అటూ ఇటూగా, మంచు తడితడిగా పడే రోజులుంటాయి చూడండి, మనిషిని ఎక్కువ ఇబ్బంది పెట్టేవి అవే. అక్కడ సింథటిక్. మైనస్ 10, మైనస్ 15 దాటిన పొడి చలిలో మంచు దులిపితే రాలిపోతుంది, తడవదు. అక్కడ డౌన్. రాత్రిళ్ళు బయట గడిపే యాత్రలకీ డౌనే, కాకపోతే ఎక్కేటప్పుడు అది సంచిలోనే ఉండాలి. రెండేళ్ళ తర్వాత ఆగినప్పటి జాకెట్ కొత్తది కొనే వీలు కలిగితే, పగటి స్కీ టూరింగ్‌కే అయితే, చదరపు మీటరుకి 80 నుంచి 100 గ్రాముల సింథటిక్, హుడ్ ఉన్నది, షెల్ మీద నుంచి కూడా పట్టేంత వదులైనది తీసుకోండి. అప్పటిదాకా తొందర లేదు.

స్కీ టూరింగ్‌లో మీకు కొత్తగా ఎదురయ్యేవి కొన్ని ఉన్నాయి. స్కీల కింద స్కిన్స్, అంటే వెనక్కి జారకుండా పట్టు ఇచ్చే పట్టీలు, అంటించుకుని గంటలకొద్దీ ఎక్కుతారు, అది నడక కంటే ఎక్కువ వేడి పుట్టిస్తుంది. పైకి చేరాక ఆగి స్కిన్స్ పీకాలి, బూట్లు బిగించాలి, బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగులని దిగడానికి తగ్గట్టు మార్చాలి. కొత్తలో దీనికి పావుగంట పడుతుంది, అదీ గాలి ఎక్కువుండే చోట, వేళ్ళతో చేసే పని. ఆపైన కిందికి దిగేటప్పుడు వేగంతో వచ్చే గాలి, ఒంట్లో పుట్టే వేడి తక్కువ. ఒక్క గంటలో మూడు వాతావరణాలు.

అందుకని కొన్ని అలవాట్లు చేసుకోండి. బయలుదేరేటప్పుడు కాస్త చలి వేయాలి. మొదటి పది నిమిషాలు ‘ఇంకోటి వేసుకుంటే బాగుండు’ అనిపిస్తే మీరు సరిగ్గా ఉన్నట్టు. పావుగంటకి ఒకసారి చేతితొడుగు తీసి మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. అక్కడ జిగురుగా తగిలితే ఆ క్షణమే జిప్ తీయాలి, లేదా నడక తగ్గించాలి. నడక తగ్గించడం అన్నిటికంటే తేలికైన పద్ధతి, అయినా ఎవరికీ గుర్తుకురాదు. గుంపుతో సమానంగా వెళ్ళాలన్న టెన్షన్‌లో చెమట పోస్తుంటాం. వెనకబడతానని మొహమాటపడకుండా మొదటే చెప్పేయండి.

గాలిచొక్కా వేసుకోవడానికి శిఖరం చేరేదాకా ఆగకండి. దానికి ఐదు పది నిమిషాల ముందే, గాలి తగలని మలుపులో ఒకసారి ఆగి గాలిచొక్కా వేసుకోండి, తలకి టోపీ పెట్టుకోండి. పైకి చేరగానే అన్నిటికంటే ముందు చేయాల్సింది సంచి దించి ఆగినప్పటి జాకెట్ వేసుకోవడం. స్కిన్స్ తర్వాత, ఫోటోలు తర్వాత, నీళ్ళు తర్వాత. చలి వేసేదాకా ఆగితే అప్పటికే ఒంట్లో వేడి పోయి ఉంటుంది, జాకెట్ వేడిని పుట్టించదు కదా, ఉన్నదాన్నే కాపాడుతుంది. అందుకని ఆ జాకెట్ సంచిలో అన్నిటికన్నా పైన, ఒక్క లాగుతో వచ్చేట్టు ఉండాలి. విప్పేది కూడా చిట్టచివర, కదలబోయే ముందే. మందపాటి చేతితొడుగులతో జిప్ లాగగలుగుతున్నారా లేదా అని ఇంట్లోనే చూసుకోండి. లాగలేకపోతే జిప్‌కి వేలెడంత తాడు కట్టండి. పీకిన స్కిన్స్‌ని మడిచి జాకెట్ లోపల ఒంటి పక్కన పెట్టుకుంటే జిగురు చల్లబడకుండా రెండోసారి ఎక్కేటప్పుడు బాగా అంటుకుంటుంది.

ఇంకొకటి, దీన్ని మాత్రం అస్సలు మరవద్దు. మంచుచరియలు విరిగిపడే ముప్పున్న చోట వేసుకునే ట్రాన్సీవర్‌ని (మంచు కింద కూరుకుపోయిన మనిషిని వెతకడానికి పనికొచ్చే రేడియో పరికరం) మొదటి పొర మీదే దాని పట్టీలతో కట్టుకోండి, మిగతా పొరలన్నీ దాని మీద నుంచి వేసుకుని విప్పండి. విప్పే జాకెట్ జేబులో పెడితే జాకెట్‌తో పాటే అదీ సంచిలోకి పోతుంది. ఫోను, బ్యాటరీతో వేడెక్కే చేతితొడుగులు, జాకెట్లలాంటివి దానికి కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి, వెతికేటప్పుడైతే 50 సెంటీమీటర్లు. వేడెక్కే జాకెట్ మీద ఎవరైనా ఆశ పెడితే ఈ సంగతి గుర్తుంచుకోండి.

కాళ్ళకి ఎక్కేటప్పుడు పెద్దగా ఏమీ అక్కర్లేదు, పలచటి లోపలి ప్యాంటూ పైన స్కీ ప్యాంటూ చాలు, తొడల పక్కన జిప్‌లుంటే తెరిచి ఉంచండి. చేతులకి రెండు జతలు తీసుకెళ్ళండి, ఎక్కడానికి పలచటివి, దిగడానికి మందపాటివి. పలచటివి తడిస్తే జాకెట్ లోపల పొట్ట దగ్గర పెట్టుకోండి.

జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి చలి పట్టేస్తుంది. వణుకు వస్తే కూర్చోకండి, వేసుకోగలిగినవన్నీ వేసుకుని కదలండి, ఏదైనా తినండి. గుంపులో ఎవరైనా మాట ముద్దముద్దగా మాట్లాడుతున్నా, తడబడుతున్నా, అంతసేపూ వణికి ఉన్నట్టుండి వణకడం మానేసినా అది మెరుగవడం కాదు. ఒంటి వేడి 35 డిగ్రీల కిందికి జారిపోయినట్టు. తడి బట్టలు మార్చి, పొడివి కప్పి, సాయం పిలవాలి.

ఇక పాత జాకెట్. తీసేయకండి. అన్నేళ్ళ చెమటా ఒంటి జిడ్డూ పట్టి దాని నూగు అణిగిపోయి ఉండవచ్చు. డౌన్ కోసం అమ్మే సబ్బుతో, మెషీన్‌లో తక్కువ వేగంతో ఉతకండి, సబ్బు పూర్తిగా పోయేదాకా రెండుసార్లు జాడించండి. నీళ్ళలోంచి తీసేటప్పుడు భుజాలు పట్టి వేలాడదీయకండి, తడి నూగు బరువుకి లోపలి గోడలు చిరుగుతాయి. కింద చేతులు పెట్టి ముద్దగా ఎత్తండి. డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద రెండు మూడు టెన్నిస్ బంతులతో కలిపి తిప్పండి. రెండు మూడు గంటలు పడుతుంది, మధ్యమధ్యలో తీసి ఉండలని వేళ్ళతో విడదీయండి. ఆరిందనుకున్నాక కూడా ఇంకో అరగంట తిప్పండి, లోపల తేమ మిగిలితే వాసన పడుతుంది. తర్వాత మళ్ళీ దీపానికి అడ్డంగా పట్టి చూడండి. గదులు నిండుగా, వెలుతురు కనపడకుండా ఉంటే మీ ఆగినప్పటి జాకెట్ సిద్ధమైనట్టే. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మూటకట్టకుండా హ్యాంగర్‌కి వదులుగా వేలాడదీయండి. కొండకి వెళ్ళేరోజు ఒక ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, సంచిలో అన్నిటికన్నా పైన ఉంచుకోండి.